అమ్మకి డ్రెయిన్ తీసేశారు. నర్సు పిన్నీ, మీకు దణ్ణం

నిన్న శ్రీకాకుళం వెళ్లి అమ్మకి డ్రెయిన్ (ఆపరేషన్ చేసిన చోట చేరే నీటిని బయటికి లాగే గొట్టం) తీయించుకుని వచ్చాం. ఇన్నాళ్లూ మాకు ధైర్యమిచ్చిన మా వీధి నర్సు పిన్నికి అందరి ముందూ దణ్ణం పెట్టుకోవాలని ఇది రాస్తున్నాను.

అమ్మకి ఎప్పుడో గర్భసంచి ఆపరేషన్ అయింది. ఆ పాత కుట్ల దగ్గరే పొట్ట ఉబ్బింది, హెర్నియా అన్నారు, అంటే పొట్ట గోడ బలహీనపడిన చోట లోపలివి బయటికి పొడుచుకు రావడం. కోసి మెష్ (ఆ చోట బలానికి వేసే వల) వేశారు. మెష్ పరచడానికి లోపల పొరలు విడదీస్తారు కదా, ఆ ఖాళీలో రక్తం, నీరు నిలవకుండా సన్న గొట్టం పెట్టి, చివర ముడతల డబ్బా తగిలించారు. అన్ని హెర్నియాలకీ ఇది పెట్టరట. అమ్మది పెద్దది.

డ్రెయిన్‌తోనే డిశ్చార్జ్ చేశారు. ఎలా చూసుకోవాలో అక్కడ ఎవరూ విడమర్చి చెప్పలేదు. ఇంటికొచ్చి ఆ ఎర్రనీళ్లు చూస్తే నాకు చేతులు వణికాయి.

పిన్ని డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికే వచ్చారు. ముందు నా చేతులు సబ్బుతో కడిగించారు. డబ్బా ఖాళీ చేయించి, రెండు అరచేతుల మధ్య అప్పడంలా నొక్కించి, ఆ పట్టు వదలకుండా మూత పెట్టించారు. "నొక్కి ఉంటేనే లోపలి నీరు లాగుతుందమ్మా, గాలితో ఉబ్బితే లాగదు" అన్నారు. డబ్బా గాయం కన్నా కిందే ఉండాలని అమ్మ లంగాకి పిన్నీసు పెట్టారు. రోజూ పొద్దున్న ఒకే టైముకి కొలిచి రాయమన్నారు. 90, 70, 45 మిల్లీలీటర్లు... రంగు కూడా రాశాను. ఎరుపు పోయి పల్చటి పసుపు వచ్చిన రోజున ఎంత ఊరటో!

ఒక రాత్రి పదకొండింటికి డబ్బా ఉబ్బిపోయింది, చుక్క నీరు రావడం లేదు. ఫోన్ చేస్తే చెప్పులైనా వేసుకోకుండా వచ్చేశారు. నేను మూత సరిగ్గా బిగించలేదు, అంతే. ఒక్క మాట అనలేదు. జ్వరం, చీము, దుర్వాసన, ఒక్కసారిగా ఎర్రటి రక్తం, వీటిలో ఏది కనిపించినా తనకోసం చూడకుండా ఆసుపత్రికి పరిగెత్తమని మాత్రం గట్టిగా చెప్పి వెళ్లారు.

వరసగా రెండు రోజులు, రోజుకి 30 మిల్లీలీటర్ల లోపే వచ్చాక, నా లెక్కల పుస్తకం చూసి డాక్టర్ గారు గొట్టం తీసేశారు. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ ఆటో ఆపినంత పనిచేసి, ఆమదాలవలస దాకా నెమ్మదిగా తీసుకొచ్చిన తమ్ముడికి కూడా కృతజ్ఞతలు.

పిన్నీ, డబ్బులిస్తే తీసుకోలేదు మీరు. అమ్మ పొట్టకి బెల్టు కట్టుకుని సాయంత్రం మీ అరుగు దాకా నడిచి వస్తానంటోంది. ఇంట్లోనే ఉండండి.