అడిగింది సబ్జెక్టుల లిస్టు, మీరు ఇవ్వమన్నది ఇంట్లో కాగితాలన్నీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఎన్నారై పేజీలో హోమ్‌స్కూల్, అంటే పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పుకోవడం గురించి వచ్చిన వార్త మీద ఈ ఉత్తరం. చదివిన రోజే రాయాల్సింది, ఇంటి పనుల్లో పడి ఆలస్యం అయింది. ఈలోపు ఆ క్లిప్పింగు వాట్సాప్‌లో ఎన్ని గ్రూపులు తిరిగిందో, ఇక్కడ అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో కొత్తగా మొదలుపెడదామనుకుంటున్న తల్లులు ఒక్కొక్కరే ఫోన్ చేసి "నిజంగా ఇవన్నీ పెట్టాలా అక్కా" అని అడుగుతుంటే ఇక ఊరుకోలేకపోయాను.

ఏడాది మొత్తానికి టైమ్‌టేబుల్, ప్రతి సబ్జెక్టుకీ టెక్స్ట్‌బుక్కుల పేర్లు, చాప్టర్ల వారీగా సిలబస్, పిల్లల బర్త్ సర్టిఫికెట్, అద్దె అగ్రిమెంటు, ఇవన్నీ స్కూల్ సూపరింటెండెంట్‌కి (ఆ ప్రాంతం స్కూళ్ళన్నిటికీ పై అధికారి) పంపించి ఆయన సరే అన్నాకే ఇంట్లో చదువు మొదలుపెట్టాలి అని రాశారు. వర్జీనియా వరకు ఇందులో ఏ ఒక్కటీ నిజం కాదండి. చట్టం పెద్ద రహస్యం కూడా కాదు, వర్జీనియా కోడ్ 22.1-254.1 అని నెట్‌లో కొడితే ఎవరికైనా కనిపిస్తుంది, ఐదు నిమిషాల్లో చదివేయొచ్చు. ప్రతి ఏడాది ఆగస్టు 15 లోపల మేం ఇంట్లో చదువు చెప్పుకుంటున్నాం అని తెలియజేయాలి, రాబోయే స్కూలు ఏడాదిలో చెప్పబోయే సబ్జెక్టుల లిస్టు పెట్టాలి, చెప్పేవాళ్ళకి హైస్కూల్ డిప్లొమా గానీ అంతకన్నా పెద్ద చదువు గానీ ఉందని చూపించాలి, అది లేకపోతే చట్టంలో ఇంకో మూడు దారులున్నాయి. అంతే. కరికులం వివరణ అంటే సబ్జెక్టుల లిస్టుకే పరిమితం అని ఆ సెక్షన్లోనే ఉంది, నేను కల్పించి చెప్పడం లేదు. పర్మిషన్ ఇవ్వడం, ఇవ్వకపోవడం అనేది అసలు అందులో లేనే లేదు.

నాకు అర్థమైనంతలో మీ రిపోర్టర్ న్యూయార్క్ రూల్సు తెచ్చి వర్జీనియాకి అంటించారు. న్యూయార్క్‌లో నిజంగానే కష్టం. అక్కడ జూలై 1 లోపల లెటర్ ఇవ్వాలి, ఆ తర్వాత ఒక్కో సబ్జెక్టుకి సిలబస్సో పుస్తకాలో రాసి ప్లాన్ ఇవ్వాలి, మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి. పెన్సిల్వేనియాలో అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఇచ్చే పద్ధతి ఉంది. టెక్సాస్‌లో ఉన్న మనవాళ్ళకైతే ముందే చెప్పాల్సిన పనే లేదు, ఇంట్లో చెప్పే చదువుని ప్రైవేటు స్కూలు చదువు కిందే చూడాలని అక్కడి సుప్రీంకోర్టు 1994లోనే తేల్చింది. రాష్ట్రానికో పద్ధతి ఉన్న దేశంలో "అమెరికాలో హోమ్‌స్కూల్ రూల్స్" అని ఒకే హెడ్డింగ్ కింద అన్నీ కలిపి వేస్తే జనం ఏం చేయాలి?

మా ఇంటి సంగతి చెప్తాను. మా పాపకి నేను రాసిన లిస్టు ఇది: ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, అమెరికా చరిత్ర, భూగోళం, తెలుగు, కర్ణాటక సంగీతం, వ్యాయామం. ఒకే పేజీ. దానికి స్కూళ్ళ ఆఫీసు నుంచి ఏ పుస్తకాలు వాడతారు, రోజుకి ఎన్ని గంటలు చెప్తారు, తెలుగు ఏ స్టాండర్డ్ ప్రకారం చెప్తారు అని మెయిల్ వచ్చింది, ఇంకా ఇంటి అడ్రస్ ప్రూఫ్ కూడా కావాలట. నేను ఆ సెక్షన్ కాపీ జత చేసి, చట్టం అడిగింది ఇచ్చాను, మిగతావి ఇవ్వను అని మర్యాదగానే రాశాను. తర్వాత మళ్ళీ ఏ మెయిలూ రాలేదు. ఇదే బర్త్ సర్టిఫికెట్, ఇంటి ప్రూఫ్ గొడవ మీద ఫ్రాంక్లిన్ కౌంటీలో ఒక తల్లి స్కూల్ బోర్డు మీద కోర్టుకెళ్తే, కింది కోర్టు బోర్డు పక్కనే చెప్పినా వర్జీనియా సుప్రీంకోర్టు 2019 సెప్టెంబరులో ఆమె పక్షాన తీర్పిచ్చింది, చట్టంలో లేని కాగితాలు అడిగే అధికారం బోర్డుకి లేదని తేల్చింది. ఇంత పెద్ద తీర్పు ఉండగా మీరు ఆ కాగితాలే పెట్టమని మనవాళ్ళకి సలహా ఇవ్వడం నాకు మింగుడు పడటం లేదు.

మనవాళ్ళలో సగం మంది వీసాల మీద ఉన్నవాళ్ళు. హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ ఎప్పుడొస్తుందో తెలియదు, గ్రీన్‌కార్డ్ లైన్ కదలదు, గవర్నమెంట్ ఆఫీసు నుంచి ఉత్తరం అంటేనే గుండె ఆగినంత పనవుతుంది. అడిగిందల్లా ఇచ్చేసి బయటపడదాం అనుకుంటారు, నేను వాళ్ళని తప్పు పట్టను. కానీ పది మంది తెలుగువాళ్ళు ముప్పై పేజీల ఫైలు పెడితే పదకొండో ఆవిడ ఒక్క పేజీ పెట్టినప్పుడు ఆఫీసులో "మిగతావాళ్ళంతా ఇచ్చారు, మీరెందుకివ్వరు" అంటారు. చట్టంలో లేని రూలు ఇలాగే పుడుతుంది, మనమే పుట్టిస్తున్నాం. ఊళ్ళో కూడా చూస్తూనే ఉన్నాం కదా, ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కి వెళ్తే రేషన్ కార్డు, కరెంటు బిల్లు, వాటికి మళ్ళీ జిరాక్సులు, ఎందుకు అని అడిగినవాళ్ళని పనిలేనివాళ్ళలా చూస్తారు. ఏ జీవో ప్రకారం అని ఒక్క మాట అడిగే అలవాటు అక్కడా పోయింది, ఇక్కడా రాలేదు. ఆ అలవాటు నేర్పాల్సింది పత్రికలు.

నిజంగా జాగ్రత్త పడాల్సిన చోటు వేరే ఉంది, దాని గురించి మీ వార్తలో ఒక్క ముక్క లేదు. చెప్పిన ఏడాది అయ్యాక ఆగస్టు 1 లోపల పిల్లలు ముందుకెళ్తున్నారని రుజువు చూపించాలి. దేశమంతా పెట్టే స్టాండర్డ్ టెస్టుల్లో స్టానైన్లు అని మార్కుల్ని కింది నుంచి పైకి తొమ్మిది మెట్లుగా విడదీస్తారు, అందులో కనీసం నాలుగోదైనా రావాలి, లేదా టీచర్ లైసెన్సు గానీ మాస్టర్స్ డిగ్రీ గానీ ఉన్న మనిషి చూసి రాసిచ్చిన రిపోర్టు ఇవ్వాలి. సెప్టెంబరు 30 నాటికి ఆరేళ్ళు నిండని పిల్లలకి ఇది అక్కర్లేదు. చాలామంది సబ్జెక్టుల లిస్టుని అందంగా టైప్ చేయడానికి నెలంతా తిప్పలు పడి, ఈ టెస్టు బుక్ చేసుకోవడం మర్చిపోతున్నారు. అసలు ఇబ్బంది వచ్చేది అక్కడ, ఆ రుజువు ఇవ్వకపోతే మరుసటి ఏడాది ప్రొబేషన్‌లో, అంటే షరతుల మీద గమనింపులో పెట్టొచ్చు.

దయచేసి సవరణ వేయండి, మూలన చిన్న అక్షరాల్లో కాకుండా వార్త వేసిన ఎన్నారై పేజీలోనే వేయండి. వర్జీనియాకి విడిగా, న్యూయార్క్‌కి విడిగా రాయండి, సెక్షన్ నంబరు ఇవ్వండి. ఆగస్టు 15 దాటాక వేస్తే ఈ ఏడాది పిల్లలున్న వాళ్ళకి ఉపయోగం ఉండదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఉత్తర వర్జీనియా