కొండెక్కే వాళ్లకు వేడినీళ్ల తిండి: ప్యాకెట్టు అక్కర్లేదు, లెక్క తెలిస్తే చాలు

సంపాదకులకు నమస్కారం.

చలికాలం రాగానే పత్రికల నిండా వంజంగి మబ్బులు, లంబసింగి మంచు కనిపిస్తాయి. ఎన్ని గంటలకు బయల్దేరాలో, బండి ఎక్కడ ఆపాలో రాస్తారు. పైకెక్కాక ఏం తినాలన్నది మాత్రం ఎవరూ రాయరు. ఆ లోటు కొండదారి పొడవునా కళ్లకు కడుతుంది: ఖాళీ నూడుల్స్ కప్పులు, మెరుపు కాగితం పొట్లాలు, సగం తిని పారేసిన పులిహోర. వీపు సంచిలో మోసుకెళ్లి, నీళ్లు పోసుకుని తినే తిండి ఇంట్లోనే చేసుకోవచ్చు. దాని కొలతలు, అది ఎక్కడ బెడిసికొడుతుందన్నది విశాఖ పాఠకుల కోసం రాస్తున్నాం. వీలు చూసి ప్రచురించండి.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. నీళ్లు పోస్తే తినడానికి సిద్ధమయ్యే పదార్థం ఏదైనా అప్పటికే ఒకసారి ఉడికో, పేలో ఉంటుంది. 1958లో జపాన్‌లో పుట్టిన ఇన్‌స్టంట్ నూడుల్స్ కిటుకూ ఇదే. నూడుల్స్‌ను ఆవిరి మీద ఉడికించి నూనెలో వేయించి తేమ తీసేశారు. మన అటుకులు అంతకన్నా ఎంతో పాతవి. నానబెట్టిన ధాన్యాన్ని వేడి చేసి, దంచి అణగ్గొట్టేసరికి గింజలోని పిండి ఉడికిపోతుంది. మరమరాలు, పేలాలు, పుట్నాలపప్పు కూడా అదే జాతి. పచ్చి కందిపప్పు, పచ్చి చోడి (రాగి) పిండి, బియ్యప్పిండి ఈ లెక్కలోకి రావు. వాటి మీద ఎంత మరిగిన నీళ్లు పోసి మూత పెట్టినా పచ్చివాసన పోదు, కడుపులో ఉబ్బరం తప్పదు. చోడి అంబలి కాచుకోవాలంటే పొయ్యి మీద కలుపుతూ ఏడెనిమిది నిమిషాలైనా ఉడకాలి. ఫ్లాస్కు నీళ్లతో అది అయ్యే పని కాదు.

ఇక అటుకులు. ఒక మనిషి టిఫినుకు మధ్యరకం మందం అటుకులు 70 గ్రాములు, వేయించిన వేరుశెనగ గుళ్లు 20, పుట్నాలపప్పు 10, అంటే మొత్తం వంద గ్రాములు. పల్చటి అటుకులు కొనకండి. నీళ్లు తగలగానే గంజిలా జావకారిపోతాయి. అటుకులను పొడి మూకుడులో సన్నసెగ మీద, వేలితో నొక్కితే పటుక్కున విరిగేదాకా నాలుగైదు నిమిషాలు వేయించాలి. రంగు మారనివ్వొద్దు. తర్వాత రెండు టీస్పూన్ల నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ, పసుపు పోపు పెట్టి, కరివేపాకు చేత్తో నలిపితే పొడయ్యేదాకా ఉంచాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మెత్తగా మిగిలిన ఒక్క రెబ్బ చాలు, నాలుగు రోజుల్లో డబ్బా అంతటికీ ముక్కవాసన తెస్తుంది. ఉప్పు అర టీస్పూను, పులుపుకి చిటికెడు నిమ్మఉప్పు, లేదా మామిడి ఒరుగులు దంచిన పొడి ఒక టీస్పూను. అంతా పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయాలి. గోరువెచ్చగా ఉండగా మూత పెడితే లోపల ఆవిరి పట్టి అటుకులు సాగుతాయి.

దీనికి నీళ్లు 110 మి.లీ. చాలు. మొదట వంద పోసి, కలిపి, మూత పెట్టి, మూడు నిమిషాల తర్వాత చూసుకుని కావాలంటే మిగతా పది పోయండి. ఎక్కువైన నీటిని వెనక్కి తీసే ఉపాయం లేదు. గుళ్లు కరకరలాడాలంటే వాటిని వేరే పొట్లంలో తీసుకెళ్లి తినే ముందు చల్లుకోవాలి. నూనె, గుళ్లు కలిసిన మిశ్రమం రెండు మూడు వారాలు బాగుంటుంది, తర్వాత ముక్కుతుంది. నెలల తరబడి నిల్వ కావాలంటే నూనె, గుళ్లు లేకుండా కలిపి, చిన్న సీసాలో నెయ్యి వేరేగా పట్టుకెళ్లండి. నెయ్యి గ్రాముకి 9 కేలరీలు, పిండిపదార్థం గ్రాముకి 4. బరువు మోసేవాడికి నెయ్యి లాభసాటి.

ఉప్మా సంగతి కొంచెం వేరు. రవ్వ ఉడికిన పదార్థం కాదు, కానీ సన్నది కాబట్టి మరిగే నీళ్ల వేడికే ఉబ్బుతుంది. అందుకని సన్నటి బొంబాయి రవ్వే తీసుకోవాలి. లావు రవ్వ అయితే నడిమధ్య ఇసుకలా మిగిలిపోతుంది. 70 గ్రాముల రవ్వను రెండు టీస్పూన్ల నేతిలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి పోపు కలుపుకుంటే, దానికి 200 మి.లీ. నీళ్లు. నీళ్లు సలసల మరుగుతూ ఉండాలి. ఒక చేత్తో సన్నటి ధారగా పోస్తూ రెండో చేత్తో తిప్పుతూ ఉండండి. ఒక్కసారిగా గుమ్మరిస్తే పైన ఉండకట్టి లోపల పొడిపిండి మిగులుతుంది. మూత పెట్టి, తువ్వాలు చుట్టి, ఎనిమిది నిమిషాలు కదపకూడదు. తువ్వాలు చాదస్తం కాదు. చలిగాలిలో స్టీలు గిన్నె త్వరగా చల్లబడిపోతుంది, అప్పుడు రవ్వ ఉబ్బడం ఆగిపోతుంది.

రాత్రిపూట అన్నం లేకపోతే తిన్నట్టుండదనే వాళ్లు మనలో ఎక్కువ. వండిన అన్నాన్ని ఎండబెట్టి తీసుకెళ్లొచ్చని అక్కడక్కడా రాస్తుంటారు. మేం చెప్పేది: విశాఖలో మేడ మీద ఆ ప్రయోగం చేయొద్దు. వండిన అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడుకుని కూడా తట్టుకుని మిగులుతాయి. సముద్రపు గాలి తేమలో అన్నం సాయంత్రానికి కూడా పూర్తిగా ఎండదు. ఆ గంటల్లో అది తయారుచేసే విషం మళ్లీ వేడి చేసినా పోదు. కరెంటు డ్రయ్యరు ఉంటే వేరు సంగతి. వండిన వెంటనే పళ్లెంలో పల్చగా పరిచి, 60 డిగ్రీల దగ్గర గింజలు రాళ్లలా గలగలమనేదాకా ఆరబెట్టుకోవచ్చు. అలా ఎండిన అన్నం 80 గ్రాములకు 130 మి.లీ. మరిగిన నీళ్లు, పదిహేను నిమిషాలు. డ్రయ్యరు లేనివాళ్లకు లావు అటుకులే అన్నం.

వాటి మీదకి చారు ఉండాలి కదా. కందిపప్పు వేలితో నొక్కితే నలిగేంత మెత్తగా ఉడికించి, నీళ్లు మిగలకుండా ఎనిపి, పళ్లెంలో రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పూసి, అదే డ్రయ్యరులోనో, తలుపు కాస్త తెరిచి ఉంచిన ఓవెన్‌లోనో ఆరబెడితే అప్పడంలా లేస్తుంది. అది మిక్సీలో వేస్తే పప్పుపొడి. 25 గ్రాములు పప్పుపొడి, రెండు టీస్పూన్ల చారుపొడి, ఉప్పు, కొద్దిగా చింతపండు గుజ్జు, 250 మి.లీ. మరిగే నీళ్లు, ఐదు నిమిషాల్లో పప్పుచారు. చింతపండు గుజ్జును నూనె పైకి తేలేదాకా మగ్గబెట్టి చిన్న స్టీలు డబ్బాలో పెట్టుకుంటే వారాలు నిలుస్తుంది, తడి చెంచా పెట్టనంత వరకే. ఇంత పని వద్దనుకుంటే వేయించి కొట్టిన కందిపొడి ఉండనే ఉంది. వేడి అటుకులు, కందిపొడి, నెయ్యి.

కూరగాయల విషయంలో మన అమ్మమ్మల మాట ఒరుగులు. వంకాయ ఒరుగులు రుచికి బాగుంటాయి కానీ వేడినీళ్లలో నానినంత మాత్రాన మెత్తబడవు, మరగాల్సిందే. కొండకి పనికొచ్చేవి సన్నగా తురిమినవి, ఆకులు. క్యారెట్ చక్రాలుగా కోసి ఎండబెడితే నానడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, తురిమి ఎండబెడితే ఐదారు నిమిషాలు చాలు. మందమే మొత్తం తేడా. తురుమును మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి తీసి ఆరబెడితే రంగు నిలుస్తుంది. కిలో క్యారెట్ ఎండితే వంద నుంచి 120 గ్రాములు తేలుతుంది. మెంతికూర నీడలో ఆరినా చాలు, నలిపి వేస్తే రెండు నిమిషాల్లో విచ్చుకుంటుంది. బజార్లో దొరికే ఖరీదైన ఫ్రీజ్-డ్రైడ్ ప్యాకెట్లలో ముక్కలు అంత త్వరగా నానడానికి కారణం, గడ్డకట్టించి తేమ లాగేయడంతో వాటిలో సన్నటి రంధ్రాలు అలాగే మిగలడం. ఇంట్లో ఎండినవి ముడుచుకుపోతాయి. కాబట్టి ఆ వేగం రాదు, కావాలంటే ముక్క సన్నం చేసుకోవాలి.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి గాజు సీసా పరీక్ష ఉంది. ఎండినవి సగం దాకా పోసి మూత బిగించి ఒక రోజు ఉంచండి. సీసా గోడకి చెమ్మ పడితే మళ్లీ ఎండబెట్టాలి. చెమ్మ లేకపోయినా వారం రోజులు రోజుకోసారి కుదిపి చూసుకోవడం మంచిది. బీచ్ దగ్గరి ఇళ్లలో ఈ పరీక్ష తప్పనిసరి. సముద్రానికి దూరంగా పెందుర్తి వైపు బంధువులుంటే వాళ్ల మేడ వాడుకోవడం ఇంకా తెలివైన పని.

పొయ్యీ లేదు, ఫ్లాస్కూ లేదు అన్నప్పుడు పేలపిండి. తొలి ఏకాదశికి మాత్రమే గుర్తొచ్చే ఈ పిండి నిజానికి చన్నీళ్ల భోజనం. జొన్న పేలాల పిండి 60 గ్రాములు, బెల్లం పొడి 25, పాలపొడి 15, కాస్త యాలకుల పొడి. అన్నీ పొడిగానే బాగా కలిపి పెట్టుకోవాలి. లేకపోతే నీళ్లు పోసినప్పుడు పాలపొడి ఉండకడుతుంది. 130 మి.లీ. చన్నీళ్లు పోసి కలిపితే ముద్ద, 200 పోస్తే జావ. పొడిగా నోట్లో వేసుకోకండి, పొరబోతుంది.

చేపలు తినేవాళ్లకు మన ఫిషింగ్ హార్బర్ ఉండగా మాంసకృత్తులకు లోటేముంది? ఎండు నెత్తళ్లు తలలు తుంచి, ఇసుక పోయేలా రెండుసార్లు గబగబా కడిగి, మళ్లీ ఆరబెట్టి, కరకరలాడేలా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లితో దంచితే ఆ పొడి అటుకుల మీద చల్లుకోవడానికి భేషుగ్గా ఉంటుంది. ఉప్పు అసలే ఎక్కువ, మళ్లీ వేయొద్దు. రాత్రి డబ్బా గుడారం బయట వదలొద్దు, ఊరి కుక్కలన్నీ వస్తాయి.

గిన్నెలు, నీళ్ల గురించి. మరిగే నీళ్లు పాలిథిన్ కవరులో పోయకండి, జిప్ కవరైనా సరే. అది పొడి మోయడానికి మాత్రమే. క్లిప్పుల మూత స్టీలు డబ్బాలో నీళ్లు పోసి గట్టిగా బిగించి వదిలేస్తే, లోపలి ఆవిరి చల్లబడి మూత పట్టేసి ఊడిరాదు. వదులుగా పెట్టండి. ఫ్లాస్కుని ముందు మరిగే నీళ్లతో ఐదు నిమిషాలు నింపి, ఒలకబోసి, మళ్లీ మరిగే నీళ్లు అంచుదాకా పోయాలి. తెల్లవారుజామున మూడింటికి పోసి ఏడింటికి తీసినా అటుకులకు, చారుకు ఆ వేడి దండిగా సరిపోతుంది. ఉప్మాకి తువ్వాలు చుట్టి ఇంకో ఐదు నిమిషాలు ఇవ్వండి. కిరండూల్ రైలులో అరకు వెళ్లేవాళ్లు గ్యాస్ డబ్బా, పొయ్యి బ్యాగులో పెట్టుకోకూడదు, రైల్వే చట్టం ఒప్పుకోదు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడమూ నేరమే. అందుకే మన కొండలకి ఫ్లాస్కే సరైన పొయ్యి. సొంత బండిలో వెళ్లి, అనుమతి ఉన్న చోట గ్యాస్ స్టవ్ వెలిగించేవాళ్లు గాలి అడ్డుకోడానికి డబ్బా చుట్టూ రేకు పూర్తిగా మూయొద్దు, డబ్బా వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. గుడారంలో అసలే వద్దు.

గెడ్డ (కొండవాగు) నీళ్లు ఎంత తేటగా కనిపించినా బుడబుడమని ఒక నిమిషం మరిగించాకే వాడాలి. పేలపిండిలో పోసే చన్నీళ్లకీ ఇదే వర్తిస్తుంది. మన ఏజెన్సీ కొండల మీద నీళ్లు 96, 97 డిగ్రీలకే మరుగుతాయి, దానివల్ల వంటకి వచ్చిన ఇబ్బంది లేదు. హిమాలయాలకి వెళ్లేవాళ్లు మాత్రం 4,000 మీటర్ల దగ్గర అది 87కి పడిపోతుందని గుర్తుంచుకుని నీళ్లు రెండు నిమిషాలు అదనంగా మరగనివ్వాలి, నానే సమయం ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి. నీళ్లు పోసిన తిండి మిగిలితే మధ్యాహ్నానికని దాచొద్దు. నూనె, గుళ్లు కలపని ఎండు మిశ్రమం నెలలు ఆగుతుంది, తడిసిన మరుక్షణం నుంచి అది మామూలు వండిన అన్నమే.

ఒక చిన్న విన్నపం. వంజంగి లాంటి చోట్ల కొండ కింద టీ దుకాణాలు తెల్లవారకముందే తెరుస్తున్నారు. ఫ్లాస్కులో లీటరు మరిగిన నీళ్లు పోయడానికి ఇంత అని ఒక బోర్డు పెడితే దుకాణం వాళ్లకి నాలుగు డబ్బులు, ఎక్కేవాళ్లకి కప్పు నూడుల్స్ కొనే పని తప్పుతుంది. ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. కానీ కప్పు నూడుల్స్ డబ్బా ఆ జాబితాలో లేదు, కొండ మీద మిగిలేది అదే. పర్యాటక అధికారులు ఆ టీ దుకాణాల వాళ్లతో ఒకసారి మాట్లాడితే వచ్చే సీజన్‌కే ఇది మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
కొండలెక్కే కొందరు పాఠకులు,
విశాఖపట్నం