వార్షిక నివేదిక: ఈ ఏడాది పోలీస్ స్టేషన్లతో మన పని

మానసిక జబ్బులున్నవాళ్లు, వాళ్ల కుటుంబాలు కలిసిన మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ సమావేశాలు, మందుల సాయం ఎప్పట్లాగే నడిచాయి. జమాఖర్చులు విడిగా జతచేశాం. ఈసారి మనల్ని ఎక్కువగా తిప్పింది పోలీస్ స్టేషన్ల పని.

ఎందుకో మీకు తెలుసు. మన సభ్యురాలి కొడుకు మందులు మానేసి అర్ధరాత్రి రోడ్డు మీద అరుస్తుంటే పట్టుకెళ్లి తెల్లారేదాకా లాకప్‌లో ఉంచారు. ప్రిస్క్రిప్షన్ల ఫైలు ఒళ్లో పెట్టుకుని ఆవిడ స్టేషన్ మెట్ల మీద కూర్చుంది. ఆ ఫైలు ఎవరూ తెరిచి చూడలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మనిషిని లాకప్‌లో పెట్టనే కూడదు. ఎందుకు తీసుకెళ్తున్నారో అతనికి చెప్పాలి. వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాలి. ఇల్లూవాకిలీ లేని మనిషైతే తప్పిపోయినట్టు ఎఫ్‌ఐఆర్ రాసి అయినవాళ్లను వెతకాల్సిందీ స్టేషనే. చట్టంలో లోటు లేదు, నైట్ డ్యూటీ కానిస్టేబుల్ దాకా అది చేరలేదంతే.

మొదట వినతిపత్రం ఇస్తే "చూస్తాం" అని పక్కన పెట్టారు. తర్వాత ఆ సెక్షన్‌ను తెలుగులో ఒక్క పేజీగా వేయించి, రోల్ కాల్ టైముకి వెళ్లాం. ఒక హెడ్ కానిస్టేబుల్ సూటిగా అడిగారు: "చేతిలో కత్తిపీట ఉంటే ఏం చేయమంటారమ్మా?"

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు మందులు వాడుతున్న మన సభ్యుడే లేచాడు. "కత్తి సంగతి నాకు తెలీదు సార్. ఆ టైంలో నలుగురూ ఒకేసారి అరిస్తే ఎవరి మాటా నాకు తలకెక్కదు. ఒక్కరే మాట్లాడండి. సైరన్ ఆపండి. వీడియోలు తీసేవాళ్లను ముందు పంపించేయండి." ఆ చివరి మాట హెడ్ కానిస్టేబుల్ తన డైరీలో రాసుకున్నారు.

కత్తిపీట ప్రశ్న న్యాయమైనదే. దానికి కరపత్రం చాలదు, శిక్షణ కావాలి. అమెరికాలోని మెంఫిస్‌లో 1988లో మొదలైన పద్ధతిలో ఎంపికచేసిన పోలీసులకు 40 గంటల శిక్షణ ఇస్తారు. ఇక్కడా అలాంటిది పెట్టమని రాతపూర్వకంగా అడిగాం, జవాబు రాలేదు. వచ్చే ఏడాదీ అడుగుతాం.

మన వైపు నుంచీ ఒక పని ఉంది. 112కి ఫోన్ చేసినప్పుడు "గొడవ చేస్తున్నాడు" అనకండి. "మానసిక జబ్బు ఉంది, మందులు మానేశాడు" అని మొదటే చెప్పండి. చేతిలో ఏదైనా ఉంటే దాచొద్దు. అంతదాకా రాకముందే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. జబ్బు పేరు, వాడే మందులు, డాక్టరు నంబరు ఒకే కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. ఫైలు తిరగేసే ఓపిక ఆ రాత్రి ఎవరికీ ఉండదు.

కార్యదర్శి