రైడింగ్ లాన్ మోవర్ సర్వీసులో లోపాలపై ఫిర్యాదు

హైదరాబాదు

సేవా విభాగం అధిపతి గారికి,

నమస్కారం.

కొంపల్లిలోని మా నివాస సముదాయంలో పచ్చిక కోయడానికి ఉన్న, సీటు మీద కూర్చుని నడిపే రైడింగ్ లాన్ మోవర్‌కు మీ సంస్థతో వార్షిక నిర్వహణ ఒప్పందం ఉంది. ఏడాది రుసుము ముందుగానే చెల్లించాం. వానాకాలానికి ముందు చేయవలసిన సర్వీసు పూర్తయిందంటూ మీ మెకానిక్ సంతకం చేసిన జాబ్ కార్డు మా దగ్గర ఉంది. అందులో రాసిన ప్రతి పని ఎదుటి గడిలోనూ టిక్కు పెట్టి ఉంది. కానీ ఆ పనుల్లో చాలావరకు జరగలేదు. కళ్ళ ముందు జరిగిన ఒక్క పని, అంటే బండిని కడగడం, దాన్ని మరింత పాడుచేసింది.

సర్వీసు అయిన కొద్దిరోజులకే పచ్చికలో కోయని గడ్డి చారలు చారలుగా మిగలసాగింది. మా తోటమాలి తాళంచెవి తీసేసి, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీసి, బ్లేడ్లను పైనుంచి కప్పి ఉండే డెక్కు విప్పించి చూపించాడు. లోపల అంటుకున్న గడ్డి బొటనవేలు మందాన ఉంది. స్క్రూడ్రైవర్‌తో పెళ్లగిస్తే పెచ్చులుగా ఊడింది. పైపొర పచ్చగా, దాని కింద గోధుమరంగులో, అడుగున నల్లగా కుళ్లి ఉన్నాయి. ఆ నలుపు వెనక ఇనుము తుప్పు పట్టింది. ఇన్ని పొరలు సర్వీసు తర్వాతి నాలుగు రోజుల్లో పేరుకునేవి కావని మీకు వేరే చెప్పనక్కర్లేదు. బ్లేడ్లు తిరిగేటప్పుడు డెక్కు లోపల పుట్టే గాలి గడ్డిపోచలను నిలబెడితేనే అవి సమంగా తెగుతాయి. ఆ ఖాళీ అంతా మూసుకుపోతే గాలి ఆడదు, తెగిన గడ్డి బయటికి పోదు, మళ్లీ అక్కడే అంటుకుంటుంది.

బ్లేడ్లకు పదును పెట్టామని కార్డులో ఉంది. వాటిని బిగించిన బోల్టుల తలల మీద పాత తుప్పు చెక్కుచెదరలేదు. పానా తగిలిన గుర్తు ఒక్కటి కూడా లేదు. బోల్టు విప్పకుండా బ్లేడు ఎలా తీశారు, తీయకుండా పదును ఎలా పెట్టారు? మొండి బ్లేడు గడ్డిని కోయదు, చీలుస్తుంది. చీలిన కొసలు ఎండి, పచ్చిక మొత్తం గోధుమరంగుకు తిరుగుతుంది. మా పచ్చికలో ఇప్పుడు కనిపిస్తున్నది అదే.

ఆయిల్ మార్చినట్లు బిల్లు వేశారు. కొలకడ్డీ తీసి చూస్తే నల్లగా, చిక్కగా ఉంది. ఎయిర్ ఫిల్టర్ మీద ఉండే స్పాంజిని పిండితే ఎర్రమట్టి రాలింది. మన ఊరి దుమ్ములో ఆ స్పాంజిని సుమారు 25 గంటల వాడకానికి ఒకసారైనా సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టాలి. దానికి ఖర్చు కూడా లేదు. ఇది గాలితో చల్లబడే ఇంజిన్, రేడియేటర్ ఉండదు. ఫ్యాను లాగే గాలి సిలిండర్ రెక్కల మధ్య నుంచి పోతేనే వేడి దిగుతుంది. ఇంజిన్ పైమూత విప్పితే ఆ రెక్కల సందుల్లో ఎండుగడ్డి కుక్కినట్లు ఉంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలో ఇలాంటి ఇంజిన్‌ను నడిపిస్తే ఏమవుతుందో మీ మెకానిక్‌లకు తెలియదనుకోను.

ఇక కడగడం సంగతి. అధిక ఒత్తిడి నీటి యంత్రం తెచ్చి, బ్లేడ్ల ఇరుసుల మీదా, సీటు కింద ఉన్న వైర్ల మీదా నేరుగా కొట్టారు. తయారీదారులు మాన్యువల్లో వద్దని చెప్పే పనే ఇది. బేరింగుల్లోకి నీరు చేరితే గ్రీజు కొట్టుకుపోతుంది. ఆ తర్వాత కొత్త గ్రీజు కూడా ఎక్కించలేదు. గ్రీజు ఎక్కించే నిపుల్స్ మీద ఎండిన మట్టి అలాగే ఉంది. ఇప్పుడు ఎడమవైపు ఇరుసు అరుస్తోంది, చేత్తో తిప్పితే గరగర తగులుతోంది. రాణిగంజ్‌లో ఆ కొలత బేరింగు దొరుకుతుంది. బయటి విడిభాగం వేస్తే ఒప్పందం చెల్లదని మీరు రాసినందువల్లే వేయించలేదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టినది వేరే ఉంది. నీళ్లు తగిలిన తర్వాత సీటు స్విచ్ సరిగా పనిచేయక, నడుపుతుండగానే ఇంజిన్ ఆగిపోతోంది. ఫోను చేస్తే మీ మెకానిక్ చెప్పిన మార్గం, ఆ స్విచ్‌ను తప్పించి రెండు తీగలూ కలిపేయమని. బ్లేడ్లు తిరుగుతున్నప్పుడు మనిషి సీటు మీద నుంచి లేచినా, జారిపడినా ఇంజిన్‌ను ఆపేది ఆ స్విచ్చే. మా పచ్చిక చుట్టూ సాయంత్రమంతా పిల్లలు ఆడుకుంటారు. మా తోటమాలి ఆ మాట వినలేదు, ఆయన చేసినది సరైన పని. కానీ ఇదే సలహా మీ ఇతర ఖాతాదారులకూ వెళ్తుంటే? దీనికి మాత్రం మీ సంస్థ నుంచి రాతపూర్వకంగా వివరణ కావాలి.

సర్వీసు మొత్తం మా సిబ్బంది సమక్షంలో మళ్లీ చేయాలి. డెక్కు విప్పి శుభ్రం చేసి, బ్లేడ్లు తీసి పదును పెట్టి, రెండు వైపులా తూకం సరిచూడాలి. నీటి వల్ల చెడిన బేరింగునూ, సీటు స్విచ్‌నూ మీ ఖర్చుతో మార్చాలి. మార్చని ఆయిల్‌కు తీసుకున్న సొమ్ము వాపసు ఇవ్వాలి. వచ్చే మెకానిక్ వేరేవారై ఉండాలి. తీసేసిన పాత భాగాలు మాకు చూపించాకే కార్డు మీద మేం సంతకం చేస్తాం.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా స్పందన రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంగా జిల్లా వినియోగదారుల కమిషన్ ముందుకు తీసుకెళ్తాం. డెక్కు, బోల్టులు, ఫిల్టర్ ఫోటోలనూ, జాబ్ కార్డు నకలునూ జతచేస్తున్నాను.

బాగయ్యేవరకు మోవర్‌ను నడపవద్దని సిబ్బందికి చెప్పి షెడ్డులో తాళం వేశాం. మీ మనిషి వచ్చే తేదీ ఒకరోజు ముందుగా తెలియజేస్తే, తోటమాలినీ నన్నూ అక్కడ కలవవచ్చు.

ఇట్లు,
తోటల నిర్వహణ బాధ్యుడు,
నివాసుల సంక్షేమ సంఘం