బంట్రోతు చేతిలో ఒకప్పుడు కత్తి ఉండేది

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో ఒక వ్యాసకర్త కొందరు అధికారుల తీరును తప్పుపడుతూ, వారు ‘బంట్రోతుల్లా చేతులు కట్టుకుని నిలబడ్డారు’ అని రాశారు. ఆయన విమర్శతో నాకు పేచీ లేదు. ఆ పోలిక మాత్రం మనసుకు గుచ్చుకుంది. మా నాన్నగారు తాలూకా కచేరీలో బంట్రోతు. తర్వాత నేనూ అదే కొలువులో 33 ఏళ్లు పనిచేశాను. నా కాలానికి ఆ ఉద్యోగాన్ని అటెండరు అన్నారు.

బంటు అంటే యోధుడు. రౌతు అంటే గుర్రమెక్కి పోరాడేవాడు. ఈ రెండూ కలిసి బంట్రౌతు అయింది, జనం నోళ్లలో నలిగి బంట్రోతుగా నిలిచింది. హనుమంతుణ్ణి రామబంటు అని చేతులెత్తి మొక్కుతాం కదా, అదే బంటు. త్యాగరాజస్వామి ‘బంటురీతి కొలువు’ అడిగినప్పుడు రోమాంచాన్ని కవచంగా, రామభక్తుడన్న పేరును ముద్రబిళ్లగా, రామనామాన్ని ఖడ్గంగా చెప్పుకున్నారు. ఆ ముద్రబిళ్ల మాట విన్నప్పుడల్లా మా నాన్నగారి డవాలి కళ్ల ముందు మెదులుతుంది. భుజం మీదుగా నడుము దాకా వేలాడే ఎర్రటి పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ల. పండగ ముందు చింతపండుతో తోమి తళతళలాడించేవారు. కత్తి ఎప్పుడో పోయింది, బిళ్ల మిగిలింది.

కత్తి ఉన్న రోజులను మా సీమవారు మరవకూడదు. పాలెగాళ్ల కాలంలో ఊళ్లను కాచిన కట్టుబడి బంట్రోతులు ఆయుధాలు పట్టినవారే. ఆ కాపలాకు ప్రతిఫలంగా ఇనాం భూములు అనుభవించేవారు. ఈస్టిండియా కుంపెణీ ఆ భూములకు ఎసరు పెట్టింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడినప్పుడు ఆయన వెంట నడిచినవారిలో ఈ కట్టుబడులు ఉన్నారు. 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరితీసింది మా కోవెలకుంట్లలోనే. అప్పుడు ఆ బంట్రోతులెవరూ చేతులు కట్టుకుని నిలబడలేదు.

బంట్రోతు అంటే చిన్నతనమని ప్యూను అని పిలిపించుకున్నవారూ నాకు తెలుసు. ఆ మాట పోర్చుగీసు నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం కాలినడకన పోరాడే సైనికుడు! మా మనవడు చదరంగం నేర్చుకుంటూ, ముందు వరుసలో నిలబెట్టే పావును బంటు అని ఎందుకంటారని నన్ను అడిగాడు. డవాలి తీసి వాడి భుజాన వేసి, ఇదంతా చెప్పాను. మరుసటి వారమే మీ వ్యాసం వచ్చింది. వాడే చదివి నాకు చూపించాడు.

చేతకానితనానికీ, వంగి దండాలు పెట్టడానికీ చెప్పుకోవడానికి తెలుగులో మాటలు కావలసినన్ని ఉన్నాయి. బంట్రోతును అందులోకి లాగవద్దని మీ ఉపసంపాదకులకు చెప్పండి. నరసింహారెడ్డి గురించి ఈసారి రాసేటప్పుడు, ఆయన వెంట నడిచినవారిని వట్టి ‘అనుచరులు’ అనకుండా కట్టుబడి బంట్రోతులని పేరు పెట్టి రాయించండి.

- ఒక విశ్రాంత ఉద్యోగి, కోవెలకుంట్ల, నంద్యాల జిల్లా