ఆ ఐదు పంక్తులు కూడా అచ్చువేయండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

సైన్యానికి అధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) ప్రవేశ పరీక్షకు యూపీఎస్సీ నోటిఫికేషన్ వెలువడిన ప్రతిసారీ మీ చదువుల పేజీలో దాని వివరాలను శ్రద్ధగా ఇస్తున్నారు. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండాలని, గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులని, రాత పరీక్ష గట్టెక్కినవారికి సర్వీసెస్ సెలక్షన్ బోర్డు దగ్గర మరో 900 మార్కులకు పరీక్ష ఉంటుందని, ఫీజు ఎంతో, చివరి తేదీ ఏదో అన్నీ ఉంటాయి. ఉండనిది ఒక్కటే. అదే నోటిఫికేషన్ చివర, శారీరక ప్రమాణాల అనుబంధంలో, అభ్యర్థులు ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలో ఐదు పంక్తుల్లో సూచించారు: 2.4 కిలోమీటర్ల దూరం 15 నిమిషాల్లో పరుగెత్తడం, స్కిప్పింగ్, దండీలు, సిటప్‌లు కనీసం 20 చొప్పున, చినప్‌లు (కమ్మీకి వేలాడి గడ్డం దాని పైకి వచ్చేలా లాగడం) కనీసం 8, తాడు పట్టుకుని మూడు నాలుగు మీటర్లు ఎక్కడం. ఈ ఉత్తరం ఆ ఐదు పంక్తుల గురించే.

నేను ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. ఇప్పుడు హనుమకొండలో ఉంటూ, తెల్లవారుజామున మైదానానికి వచ్చే పిల్లలకు తోచినంత నేర్పుతుంటాను. సైన్యంలో చేరాలనుకునే పిల్లలు మన ప్రాంతంలో ఎప్పుడూ ఉన్నారు. అయితే 2020 జూన్‌లో గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు అమరుడైన తరువాత, ఆయన కోరుకొండ సైనిక్ స్కూల్‌లో చదివి ఎన్‌డీఏ మీదుగా అధికారి అయ్యారని తెలిసి, "సార్, జవాన్‌గా కాదు, ఆఫీసర్‌గా పోవాలంటే ఏం చేయాలె?" అని అడిగేవారు నా దగ్గరికి ఎక్కువగా రావడం మొదలైంది. 2022 నుంచి ఎన్‌డీఏలో అమ్మాయిలకూ ప్రవేశం దొరకడంతో వారూ అడుగుతున్నారు. వీరిలో చాలామంది రాత పరీక్ష ఫలితం వచ్చిన మరునాడు వస్తారు. నా బాధంతా అక్కడే ఉంది.

అలా రావడానికి కారణం లేకపోలేదు. జవాన్లను తీసుకునే అగ్నివీర్ ర్యాలీలో దేహదారుఢ్యానికి నేరుగా మార్కులుంటాయి. 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే 60, ఆ పైన పదిహేను సెకన్లలోపు ముగిస్తే 48. బీమ్ (ఇదీ కమ్మీకి వేలాడి లాగడమే) పది కొడితే 40, ఆరు కొడితే 16. నాలుగు బీమ్‌ల తేడాకు 24 మార్కులు పోతాయని తెలుసు గనుక ర్యాలీకి వెళ్లే కుర్రాడు ఏడాది ముందు నుంచే బీమ్‌కు వేలాడతాడు. ఎన్‌డీఏకు అలా విడిగా మార్కులు లేవు. ఉన్నది సూచన మాత్రమే. మార్కులు లేనిదాన్ని మన పిల్లలు, వారికంటే ముందు వారి తల్లిదండ్రులు, సిలబస్‌లో లేని పాఠంగా లెక్కగడతారు. తీరా సెలక్షన్ బోర్డుకు వెళ్తే, అక్కడి మైదానంలో మూడు నిమిషాల్లో పది అడ్డంకులు దాటాలి. ఒక్కొక్క అడ్డంకికి దాని కష్టాన్ని బట్టి ఒకటి నుంచి పది వరకు పాయింట్లు. ఎత్తు మీది నుంచి దూకాలి, తాడు పట్టుకుని ఊగాలి, తాడు ఎక్కాలి. భుజాల్లో పట్టు లేని పిల్లవాడు అక్కడ పాయింట్లు పోగొట్టుకోవడమే కాదు, బిక్కముఖం వేసుకుని నిలబడతాడు, ఆ ముఖాన్ని చూడటానికే అధికారులు అక్కడ కూర్చుని ఉంటారు.

ఇక్కడ ఇంటర్ చదువుల సంగతి చెప్పక తప్పదు. ఎన్‌డీఏ రాసే వయసు సరిగ్గా ఇంటర్ వయసు. మా బంధువుల అబ్బాయి చదివిన కళాశాల ఒక నాలుగంతస్తుల భవనంలో నడిచేది. పొద్దున ఆరింటికి స్టడీ అవర్ మొదలైతే రాత్రి తొమ్మిదిన్నరకు ముగిసేది. మైదానమంటే కింద స్కూటర్లు నిలిపే జాగా. రెండేళ్లలో ఆ అబ్బాయి పరుగెత్తింది బస్సు తప్పిపోయినప్పుడే. రాత పరీక్ష తేలిగ్గా గట్టెక్కాడు. మొదటి రోజు మైదానంలో కమ్మీ పట్టుకుని వేలాడమంటే పదకొండు సెకన్లకు వేళ్లు జారిపోయాయి. లేపడం సంగతి తరువాత, వేలాడటమే చేతకాలేదు.

పరుగులో మన పిల్లలకు అంత ఇబ్బంది లేదు. పొలాల గట్ల మీద పెరిగినవారికి 2.4 కిలోమీటర్లు ఒక లెక్క కాదు. అందరూ తన్నుకులాడేది చినప్‌ల దగ్గర. దానికి నేను చూసిన అసలు కారణం బలహీనత కాదు. సాధనను, పరీక్షను ఒకటిగా అనుకోవడం. రోజూ పొద్దున వచ్చి, బీమ్ పట్టుకుని, చేతనైనన్ని కొట్టి, చివరిదానికి కాళ్లు కొట్టుకుంటూ గడ్డం పైకి చాచి, కిందికి దూకి, "సార్, ఈ రోజు కూడా నాలుగే" అంటారు. నెల తరువాత కూడా నాలుగే ఉంటాయి. రోజూ బావిలో చేద వేసి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచినంత మాత్రాన ఊట పెరగదు గదా.

గరిష్ఠంగా నాలుగు కొట్టేవాడు ఒక్కో విడతకు రెండే కొట్టాలి. కానీ పొద్దున, కాలేజీకి వెళ్లే ముందు, వచ్చాక, పడుకునే ముందు అలా రోజుకు ఐదారు విడతలు, ఒక్కసారి కూడా ఆయాసపడకుండా కొట్టాలి. అలసిపోయి తప్పుగా లాగిన పదింటికంటే, శుభ్రంగా లాగిన రెండింటి నుంచి కండరాలు, వాటిని నడిపే నరాలు ఎక్కువ నేర్చుకుంటాయి. వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. గరిష్ఠ సంఖ్యను మూడు వారాలకు ఒకసారి చూసుకుంటే చాలు. ఈ పద్ధతిని నేను కనిపెట్టలేదు. ఒంటికి పని చెప్పే వృత్తులన్నీ ఇలాగే నేర్పుతాయి. మా ఊరి గౌడ కుటుంబాల్లో పిల్లవాడిని మొదటి రోజే మోకు, ముత్తాదు అనే తాళ్లు కట్టి తాటిచెట్టు చివరికంటా ఎక్కించరు. ఇంత ఎత్తు ఎక్కి దిగు అంటారు, మరునాడు ఇంకో రెండు మూరలు. అలా నేర్చుకున్న గీత కార్మికుడి కొడుకు ఒకడు మా మైదానంలో తాడు ఎక్కుతుంటే మిగతా పిల్లలు దండీలు ఆపి చూసేవారు.

ఒక్కటి కూడా కొట్టలేనివారి సంగతి వేరు. నిరుడు నర్సంపేట వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చేది. ఆమెకు ముందుగా వేలాడటం నేర్పాను: పది సెకన్లు, పదిహేను, అలా నలభై దాకా. తరువాత బల్ల మీదికి ఎక్కి గడ్డం కమ్మీ పైన ఉండేలా నిలిచి, కాళ్లు వదిలి, ఐదు అంకెలు లెక్కపెట్టేంతసేపు మెల్లగా కిందికి దిగమన్నాను. పైకి లాగలేని చేతులు కూడా కిందికి దిగేటప్పుడు బరువును ఆపగలవు. ఆ ఆపడంలోనే బలం వస్తుంది. మూడో మెట్టుకు సైకిల్ షాపు నుంచి తెచ్చిన పాత ట్యూబును కమ్మీకి ఉరిగా వేసి, దాని అడుగున పాదం పెట్టించాను. ట్యూబు సాగి కొంత బరువు మోస్తుంది, మిగతాది ఆమె లాగాలి. బజారులో వేలు పోసి కొనే రబ్బరు పట్టీలు చేసేది సరిగ్గా ఆ పనే. రెండు నెలల పాటు ఆమె లెక్క సున్నాయే. అరచేతుల్లో బొబ్బలు పగిలి కాయలు కాశాయి. మూడో నెల మధ్యలో ఒక పొద్దున ట్యూబు తీసేసి లాగింది; గడ్డం కమ్మీని దాటిందో లేదో తనకే నమ్మకం కలగక, కిందికి దిగి నా ముఖం చూసింది. నాలుగో నెలకు మూడు కొట్టింది. ఆమె నా దగ్గరికి దరఖాస్తు పెట్టిన వారంలోనే వచ్చింది కాబట్టి నాలుగు నెలలు దొరికాయి. ఫలితాలు చూసుకుని వచ్చి ఉంటే ఆరు వారాలు దొరికేవేమో. అప్పటికి ఆమె ఇంకా ట్యూబు దగ్గరే ఉండేది.

పరుగు గురించి కొద్దిగా చెబుతాను. 15 నిమిషాల్లో 2.4 కిలోమీటర్లంటే, 400 మీటర్ల ట్రాక్ మీద ఆరు చుట్లు, చుట్టుకు రెండున్నర నిమిషాలు. ఇది లక్ష్యం కాదు, గడప. దాన్ని సునాయాసంగా దాటాలంటే వారానికి మూడు రోజులు మాట్లాడుకుంటూ పరుగెత్తగలిగినంత నిదానంగా, ఒక రోజు మాత్రం 400 మీటర్లు గట్టిగా పరుగెత్తి, అంతే సేపు నడిచి, మళ్లీ పరుగెత్తుతూ ఐదారు విడతలు చేస్తే సరిపోతుంది. మన పిల్లలు ఏడు రోజులూ గట్టిగానే పరుగెత్తుతారు. ఊపిరితిత్తులు నెలలో అలవాటు పడతాయి కానీ ఎముకలు, కండరాలను వాటికి కలిపే పట్టీలు అంత త్వరగా పడవు. అందుకే రెండో నెలలో మోకాలి కింద ముందరి ఎముక నొప్పి పెడుతుంది. దాన్ని పంటి బిగువున భరిస్తూ సిమెంటు రోడ్ల మీద పరుగెత్తి, ఆఖరికి మూడు నెలలు మంచాన పడ్డవారిని చూశాను. పైగా రాత పరీక్షల్లో ఒకటి ఏప్రిల్‌లో వస్తుంది. దాని ఫలితం చూసుకుని కదిలేవారికి దొరికేది మన ఎండాకాలం. రామగుండం, మంచిర్యాల వైపు ఆ రోజుల్లో పొద్దున ఏడింటికే మైదానం కాలుతుంది. ప్రోటీన్ డబ్బాల గురించి అడిగేవారికి నా జవాబు ఎప్పుడూ ఒకటే: కోడిగుడ్లు, పల్లీలు, జొన్నరొట్టె, కంటినిండా నిద్ర.

ఈ సందర్భంలో ఒక పరాయి దేశపు పద్ధతిని ప్రస్తావించాలి. మా మేనకోడలి కొడుకు అమెరికాలోనే పుట్టి పెరిగాడు. అక్కడి వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. అక్కడ ప్రవేశానికే ఒక దేహదారుఢ్య పరీక్ష ఉంది. మోకాళ్ల మీద నిలిచి బాస్కెట్‌బాల్ విసరడం, పులప్‌లు, అటూ ఇటూ తిరిగే 40 గజాల షటిల్ పరుగు, నిమిషంలో సిటప్‌లు, నిమిషంలో దండీలు, చివరన ఒక మైలు పరుగు. ఈ ఆరూ అదే వరుసలో నలభై నిమిషాల్లోపు ముగియాలి. మోకాళ్ల మీద నిలిచి బంతి విసరడమేమిటని మా ఇంట్లో అందరూ నవ్వారు గానీ, కాళ్ల సాయం లేకుండా నడుముకు, భుజానికి ఎంత బలముందో కొలవడానికి అంతకంటే చవకైన ఉపాయం లేదు. ఆ అబ్బాయి విడిగా తీసినప్పుడు నిమిషంలో 60 దండీలు తీసేవాడట. వరుసగా చేసినప్పుడు 41 దగ్గర చేతులు వణికాయని ఫోన్‌లో చెప్పాడు. వారానికి ఒకసారి ఆరింటినీ వరుసలో, సగం సగం సంఖ్యతో చేయమన్నాను. మనవాళ్లూ మన నోటిఫికేషన్‌లోని ఐదింటినీ ఐదు రోజులకు పంచుకుని చేస్తారు. ఒకదాని అలసట మీద ఇంకొకటి చేసి చూసుకోరు. అన్నిటికంటే నాకు నచ్చినదేమిటంటే, ఆ పరీక్షను అభ్యర్థి చదివే బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే పెట్టి సంఖ్యలు నమోదు చేయవచ్చు. మన బడుల్లో ఎందరో పీఈటీలకు వ్యాయామం తప్ప తక్కిన పనులన్నీ అప్పజెబుతున్న రోజుల్లో ఈ మాట చదివితే మా వాళ్లకు ఎలా ఉంటుందో ఊహించగలరు.

ఇక వసతుల సంగతి. నేను పనిచేసిన ఒక ఊళ్లో మైదానం ఉంది, గోడ ఉంది, గేటు ఉంది, గేటుకు తాళం ఉంది. తాళంచెవి ఉన్నాయన తొమ్మిదింటికి వచ్చేవాడు. పిల్లలు గోడ దూకి వచ్చేవారు. అడ్డంకుల సాధన అలా కొంత జరిగిందనుకోండి. కమ్మీ లేకపోతే రెండు వేపచెట్ల మధ్య ఒకటింబావు అంగుళాల జీఐ పైపును బిగించి, జారకుండా గుడ్డ చుట్టాం. వెల్డింగుతో కలిపి అయిన ఖర్చు నా నెల పాల బిల్లును మించలేదు. రుక్మాపూర్, అశోక్‌నగర్ గురుకుల సైనిక పాఠశాలల్లో సీటు దొరికిన పిల్లలకు ఈ దిగులు లేదు. దొరకనివారి కోసం మండలానికి ఒక ఉన్నత పాఠశాల మైదానాన్ని పొద్దున ఐదు నుంచి ఏడున్నర వరకు తెరిచి ఉంచాలని, అందులో మూడు ఎత్తుల్లో మూడు కమ్మీలు, ఒక మందపాటి తాడు, దాని కింద ఇసుక గుంత ఏర్పాటు చేయాలని జిల్లా విద్యాశాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. కమ్మీలు బిగించే చోట రోజూ గంటసేపు నిలబడటానికి నాలాంటి విశ్రాంత పీఈటీలు జీతం లేకుండా దొరుకుతారు. మా ఇంట్లోవాళ్లు సైతం సంతోషిస్తారు.

మీకు చేసే విన్నపం ఇంకా చిన్నది. వచ్చేసారి ఎన్‌డీఏ నోటిఫికేషన్ వివరాలు వేసేటప్పుడు చివరి తేదీ పక్కనే ఆ ఐదు పంక్తులను కూడా వేయండి. వాటి కింద "సాధన దరఖాస్తు పెట్టిన రోజు నుంచే మొదలుపెట్టాలి" అని ఒక్క వాక్యం చేర్చండి. చోటు చాలకపోతే ఫీజు వివరాలు తగ్గించండి; అవి దరఖాస్తు నింపేటప్పుడు ఎలాగూ కనిపిస్తాయి.

భవదీయుడు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
హనుమకొండ