ఇంకో సీసా పంపడం లేదు బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్లో, తలలో సోరియాసిస్‌కు రాసుకునే క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ లోషన్ ఇంకో సీసా పంపమని అడిగావు. అది మన మందుల షాపులోనే ఉంది. దేవరకొండలో పొద్దున బస్సుకు ఇస్తే మధ్యాహ్నానికల్లా దిల్‌సుఖ్‌నగర్‌లో నీ చేతికి అందుతుంది. అయినా పంపడం లేదు. కోపం తెచ్చుకోకుండా ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

నీకు డాక్టరమ్మ రాసిన చీటీ ఫోటో మళ్లీ తీసి చూశాను. రెండు వారాలు రాసి, ఆ తర్వాత వచ్చి చూపించుకోమని ఉంది. రెండు వారాలకు దురద పోయింది, పొట్టు రాలడం తగ్గింది. మానేశాక మళ్లీ కొంచెం మొదలైంది. నువ్వు డాక్టర్ దగ్గరికి పోకుండా సీసా అడుగుతున్నావు. నా టెన్షన్ అంతా అక్కడే. షాపుకు వచ్చేవాళ్లు చాలామంది చర్మం పాడుచేసుకునేది ఇట్లాగే. మొదటిసారి డాక్టర్ రాస్తాడు, ఆ తర్వాత ఎవరికి వాళ్లే రాసుకుంటారు.

స్టెరాయిడ్ అనగానే భయపడాల్సిన పని లేదు. సోరియాసిస్ ఉన్నచోట, నెల రోజుల్లో మారాల్సిన చర్మం కొద్ది రోజులకే పెరిగి పొలుసులు కడుతుంది. కింద వాపు, ఎరుపు ఉంటాయి. ఆ వాపును అణచడానికి ఇంతకంటే త్వరగా పనిచేసే పూతమందులు తక్కువ. కానీ సీసా మీద 0.05 శాతం అని చూసి చిన్న మందు అనుకోకు. తేలికపాటి స్టెరాయిడ్ అయిన 1 శాతం హైడ్రోకార్టిసోన్ కన్నా ఇది ఎన్నో రెట్లు బలమైనది. స్టెరాయిడ్ పూతమందుల్లో బలాన్ని బట్టి అన్నిటికన్నా పై తరగతి ఇదే. అందుకే వరుసగా రెండు వారాలు దాటొద్దని, వారానికి 50 మిల్లీలీటర్లు మించొద్దని హద్దు పెట్టారు. నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడుతుంది, సన్నటి రక్తనాళాలు ఎర్రగా పైకి తేలుతాయి, వెంట్రుక కుదుళ్లలో చీము పొక్కులు వస్తాయి. ఎక్కువగా ఒంట్లోకి ఇంకితే మన శరీరం తనంతట తాను తయారుచేసుకునే హార్మోను కూడా తగ్గిపోతుంది.

రాసుకునే పద్ధతి కూడా నువ్వు ఒకసారి సరిచూసుకో. అమ్మ అలవాటు చేసిన కొబ్బరినూనె మంచిదే, పొట్టును మెత్తబరుస్తుంది. కానీ నూనె తల మీద మందు పోస్తే మాడుకు అందదు. తల స్నానం చేసి ఆరాక, పాపిట తీసి, చర్మం మీద కొన్ని చుక్కలు వేసి మెల్లగా పరుచు. వెంట్రుకలకు పట్టిస్తే మందు దండగ. నుదుటి మీదికి, కళ్లలోకి కారనివ్వకు, చేతులు కడుక్కో. లోషన్‌లో స్పిరిట్ ఉంటుంది కాబట్టి తడి ఆరేదాకా స్టవ్ దగ్గరికి పోకు. డాక్టర్ చెప్తే తప్ప రాశాక తలకు కవరు కట్టకు. పొట్టును గోటితో, దువ్వెనతో గీకి తీయకు. గీరిన చోట సోరియాసిస్ కొత్తగా లేస్తుంది.

మళ్లీ మొదలైందంటే మందు ఓడిపోయిందని కాదు. డాక్టరమ్మ చూసి, వారంలో ఒకటి రెండు రోజులే రాయమనొచ్చు, స్టెరాయిడ్ కాని కాల్సిపోట్రయాల్ అనే పూతమందు కలపొచ్చు, పొట్టు మందంగా ఉంటే సాలిసిలిక్ యాసిడ్ ఉన్నది రాయొచ్చు. ఆ నిర్ణయం నీ తల చూసినవాళ్లు తీసుకోవాలి. ఫోన్లో విని నేను తీసుకోలేను. కీళ్లు నొస్తుంటే, పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుంటుంటే అదీ తప్పకుండా చెప్పు.

షాపులో కూర్చుని చూసేది చెప్తున్నా. తామరకు ‘ఆ ట్యూబు ఇయ్యి’ అని వస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటే దురద ఆగుతుంది, లోపల ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. పిల్లల తల మీద తామర వచ్చినా అంతే. ముఖం తెల్లబడుతుందని అదే ట్యూబు రాసే ఆడపిల్లలను చూస్తే నాకు కడుపులో దేవినట్టు అవుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ లేకుండా అమ్మకూడదు. నా బిడ్డకైనా అంతే.

ఇంకో మాట. ఊరికి వచ్చినప్పుడు ఎవరైనా ఆర్‌ఎంపీ దగ్గర ఒక్క సూది వేయించుకుంటే పోతుందని అంటే వినకు. సోరియాసిస్‌కు స్టెరాయిడ్ సూదులు, మాత్రలు వాడి ఆపితే జబ్బు ఒళ్లంతా ఎగబాకి, చీము పొక్కులు కట్టే ప్రమాదం ఉంది. నేను అన్నిటికన్నా భయపడేది దానికే.

పొట్టు కనబడుతుందని నల్ల డ్రెస్సులు వేసుకోవడం మానేశావని అమ్మ చెప్పింది. నీ రూమ్మేట్ దువ్వెన వేరుగా పెట్టుకుంటోందని కూడా చెప్పింది. ఇది అంటుకునే జబ్బు కాదని ఆ అమ్మాయికి నేను ఫోన్లో చెప్తాను, నువ్వు నంబరు పంపు. రేపే డాక్టరమ్మ అపాయింట్‌మెంట్ తీసుకో. ఫీజు డబ్బులు ఫోన్‌పేలో వేస్తున్నా. కొత్త చీటీ ఫోటో పెట్టగానే, అందులో ఏది రాసి ఉంటే అది ఆ రోజు బస్సుకే పంపుతా.

ఇట్లు
నాయిన